మామ డబ్బాలో కోడలి గోళీలు

సుచిత్రకు నోరు పెగలదని ఎవరన్నా అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె దగ్గర చీర కొన్న ఏ ఆడమనిషీ నమ్మదు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళ చేత రెండు కొనిపించి, ఇంకోదాని మీద మనసు పారేసుకునేలా చేసి పంపించే మనిషి. పుట్టింది పోచంపల్లిలో, మగ్గాల చప్పుడు మధ్య. బడికి పోయే వయసులోనే నూలుపోగులకు రంగు అంటకూడని చోట బిగించి ముడులు కట్టేది. పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో, చిలక ఎక్కడ వాలాలో నేయక ముందే పోగు మీద తేల్చేసే పని అది. భువనగిరిలో డిగ్రీ చదివి, నరేష్‌కుమార్‌ను పెళ్లి చేసుకుని ఎల్బీనగర్‌కు వచ్చి, అత్తింటివాళ్ళ చీరల దుకాణంలో గద్దె మీద కూర్చున్నాక ఆ పనితనమంతా నాలుకకు ఎక్కింది.

అంతటి మాటకారికి కూడా ఒక్క సంగతి దగ్గర నాలుక పిడచకట్టుకుపోయేది. పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు లేరు.

మనవాళ్ళలో ఒక జబ్బుంది. దానికి ఏ డాక్టరూ మందు కనిపెట్టలేదు. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా, ఆఖరికి చావింటికి పోయినా కొత్త కోడలి కడుపు వంక చూసి, "ఏమన్న విశేషమా?" అని అడుగుతారు. చేతిలో విస్తరి ఉన్నా సరే, కన్నీళ్లు తుడుచుకుంటున్నా సరే అడుగుతారు. సుచిత్ర నవ్వి ఊరుకునేది. ఈ ప్రశ్న ఏనాడూ అడగని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె అత్త రాధమ్మ. మాటవరసకైనా అడగలేదు, సూటిపోటి మాట ఒక్కటీ లేదు. కోడలికి తల దువ్వుతుంది, దుకాణం నుంచి రాగానే చాయ్ చేతికిస్తుంది, చుట్టాలెవరైనా ఆ మాట ఎత్తబోతే మధ్యలో దూరి కూర సంగతి తెస్తుంది. అత్త అంత మంచిది కాకపోయి ఉంటే సుచిత్రకు ఎంతో తేలికగా ఉండేది. గయ్యాళి అత్త ముందు కుళాయి దగ్గర ఏడ్చి మరిచిపోవచ్చు. ఇంత ప్రేమ చూపే మనిషి ఆశను చేతులారా తుంచడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

లోపమేమిటో సుచిత్రకు కొంత తెలుసు. నెల తప్పిందంటే ఎవరింట్లోనైనా పండగే. ఆమెకు మాత్రం అది పెళ్లికి ముందు నుంచీ ఉన్న బాధ. రెండు నెలలు రాదు, మూడో నెలలో వస్తే ఆగదు. పెళ్లయిన కొత్తలో తప్పిన ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకునేది. తర్వాత దండం మానేసింది. ఒళ్లు బరువెక్కింది, గడ్డం కింద నూగు ముదిరింది, దాన్ని తుంపుకోవడం కూడా తలుపు వేసుకునే చేసేది.

ఆ తలుపు తట్టిన మనిషి కోటేశ్వరమ్మ. వీళ్ళు కిరాయికున్న ఇంటి ఓనరు ఆమె, పైఅంతస్తులో ఉంటుంది, ఊరు తెనాలి దగ్గర. రాధమ్మకూ ఆమెకూ వియ్యం లేకపోయినా వదినా వదినా అనుకుంటారు, రోజూ కూర గిన్నెలు మార్చుకుంటారు, రోజూ తగాదా పడతారు. ఉద్యమం రోజులు. తెలంగాణ ఇవ్వాలని కింద నుంచి ఒకామె, ఇస్తే మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారని పై నుంచి ఒకామె. "నువ్వు పోతే నేనెవరితోటి కొట్లాడాలె వదినా, ఈడనే ఉండు" అని రాధమ్మ తేల్చేసేది. ఆ తర్వాత పప్పు గిన్నె పైకి పోయేది, గోంగూర గిన్నె కిందికి వచ్చేది.

ఒకనాడు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కోటేశ్వరమ్మ సుచిత్రను పరికించి చూసింది. తన కూతురు మృదులకు పెళ్లయిన కొత్తలో ఇలాగే ఉండేదంది. "దాచుకునే జబ్బు కాదమ్మాయ్ ఇది. మందులున్నాయి. రేపు నాతో రా, కొత్తపేటలో మా డాక్టరమ్మకి చూపిస్తాను" అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని కాలనీ అంతా చెప్పుకుంటుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ గింజ నానింది.

డాక్టర్ వేదవతి స్కానింగు చూసి పీసీఓడీ అని చెప్పింది. అండాశయాల్లో గింజలు చిన్న చిన్న బుడగల్లా నిలిచిపోతున్నాయట, ఒక్కటీ పూర్తిగా ఎదిగి బయటికి రావడం లేదట. పడుగు సాగదీసి ఉంది గానీ పేక నడవడం లేదన్నమాట అని సుచిత్ర తన లెక్కలో తాను అర్థం చేసుకుంది. నరేష్‌కు కూడా పరీక్షలు చేశారు, అతనిలో ఏ లోపమూ లేదన్నారు. అన్నం తగ్గించాలి, రోజూ నడవాలి, బరువు తగ్గాలి, ఈ మాత్ర వేసుకోవాలి. నెల సరిగ్గా వచ్చాక గుడ్డు ఎదగడానికి వేరే మందు మొదలుపెడతారు. చీటీ చూసి సుచిత్ర తెల్లబోయింది. మామ మార్కండేయులు షుగరుకు వేసుకునే మాత్ర అదే.

"నీకు షుగర్ లేదమ్మా. ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌ను నీ శరీరం సరిగా వాడుకోవడం లేదు, దాన్ని దారిలో పెట్టడానికి ఇది. కడుపు నిండా తిన్నాకే వేసుకో, లేకపోతే వికారంగా ఉంటుంది" అని డాక్టరు చెప్పింది.

నడక సంగతి అటుంచితే, విన్న మాటల్లో చివరిది తప్ప అన్నీ పాటించింది సుచిత్ర. పాటించకపోవడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి కూర్చుని తింటారు. తిన్నాక మాత్ర మింగితే అత్త చూస్తుంది. చూస్తే అడుగుతుంది, అడిగితే చెప్పాలి, చెబితే ఆశ పెట్టుకుంటుంది, ఆ ఆశ ఫలించకపోతే ఆ ముఖం చూడటం సుచిత్ర వల్ల కాదు. అందుకని అందరికంటే ముందు లేచి పరగడుపునే మింగేది. అట్టలు దాచడానికి మామ మందుల డబ్బాను మించిన చోటు లేదనుకుంది. ఒకే మాత్ర కదా, ఎవరు కనిపెడతారు? నరేష్‌కు ఈ ఏర్పాటు తెలుసు. తల్లికి చెప్పేద్దామని రోజూ అనుకునేవాడు. తల్లి ఎదురుపడగానే దుకాణంలో పని గుర్తొచ్చేది.

పరగడుపున వేసుకున్న మందు ఊరుకుంటుందా? తెల్లారేసరికి కడుపులో దేవేది. పెరట్లో కుళాయి విప్పి, చప్పుడు బయటికి రాకుండా వాంతి చేసుకునేది. కుళాయి చప్పుడుకే రాధమ్మకు మెలకువ వచ్చేదన్న సంగతి కోడలికి తెలియదు.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు, ఆటోలు కొన్నాళ్లు కదలలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేసి దీక్షలకు కూర్చున్నారు. సుచిత్ర ఇంటి నుంచి దుకాణానికి కాలినడకనే పోయేది, కొత్తపేట మీదుగా, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వాసన పీల్చుకుంటూ. మామూలు రోజుల్లో సందు చివరికి కూడా ఆటో ఎక్కే మనిషిని డాక్టరు మాట నడిపించలేదు, ఉద్యమం నడిపించింది. దుకాణం షట్టరు సగమే ఎత్తేవారు. బేరాలు లేవు. రాధమ్మ మాత్రం పొద్దంతా టెంటు దగ్గరే ఉండి, ఉత్సాహంగా ఇంటికి వచ్చేది.

ఆ రోజుల్లో ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. మార్కండేయులు మార్కెట్ నుంచి బొప్పాయి తెస్తే రాధమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. షుగరు మనిషికి మంచి పండు కదా అని ఆయన అడిగితే, ఇంట్లో అందరూ నీలెక్క ముసలోళ్లే ఉన్నరా అని కసిరింది. కోడలి కంచంలో పుల్లటి నిమ్మకాయ తొక్కు పచ్చడి వేయడం మొదలుపెట్టింది. బిందె ఎత్తబోతే తానే ఎత్తింది. సద్దుల బతుకమ్మ నాడు కోటేశ్వరమ్మ కుండీల్లోని బంతిపూలన్నీ కోసిచ్చింది. చౌరస్తాలో రోడ్డు నడుమ బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు తిరుగుతుంటే సుచిత్ర కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని దిగింది. రెండు చుట్లు తిరగకముందే రాధమ్మ వచ్చి చేయి పట్టుకుని పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. వాంతులతో నీరసపడిన తనను చూసి జాలిపడుతోందనుకుంది ఆ పిచ్చి పిల్ల.

ఇంకో వింత మామగారిది. డబ్బాలో గోళీలు తరగడం లేదని రాధమ్మ ఆయన్ను రోజూ తిట్టేది. సుచిత్ర కొత్త అట్ట తెచ్చి పెట్టిన ప్రతిసారీ తిట్లు రెట్టింపయ్యేవి. "మింగుతున్నవా, కిటికీల నుంచి పారేస్తున్నవా?" అని నిలదీసేది. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పేవాడు కాదు. తలవంచుకుని పేపరు చదువుకునేవాడు. చేయని తప్పుకు ఇన్ని మాటలు ఎందుకు పడుతున్నాడో కోడలికి తట్టలేదు.

దసరా వచ్చింది. సమ్మె ఉన్నా పూజ ఆగదు. దుకాణంలో మీటరు బద్దకూ, గల్లాపెట్టెకూ, మార్కండేయులు కుర్రతనంలో నేసిన మగ్గం మీద పేకను అటూ ఇటూ నడిపించిన నాడెకూ బొట్లు పెట్టారు. పక్క దుకాణాలవాళ్లు ప్రసాదం కోసం గుమ్మం దగ్గర చేరారు. ఏటా కొబ్బరికాయ కొట్టేది నరేషే. హారతి అయ్యాక అతను కాయ చేతిలోకి తీసుకున్నాడు. రాధమ్మ ముందుకొచ్చి కొడుకు చేతిలోంచి దాన్ని తీసేసుకుంది.

"ఈసారి నువ్వొద్దు. మీ నాయన కొడ్తడు" అంది. ముఖం వెలిగిపోతోంది.

పెళ్లాం కడుపుతో ఉన్నవాడు కొబ్బరికాయ కొట్టడు. అది ఆచారం. నోరు విప్పి చెప్పకుండానే ఊరందరికీ చెప్పే పద్ధతి కూడా అదే. గుమ్మంలో ఉన్నవాళ్ళ ముఖాలు విచ్చుకున్నాయి. గాజుల దుకాణం ఆయన నరేష్ వీపు మీద చరిచాడు. నరేష్ మొదట తానేం తప్పు చేశానా అన్నట్టు చూశాడు, తర్వాత అర్థమై రంగు మారిపోయాడు.  బొప్పాయి, నిమ్మకాయ తొక్కు, బతుకమ్మ కాడ కుర్చీ, అన్నీ సుచిత్రకు ఒక్కసారిగా తెలిసొచ్చాయి.

కాయ ఇప్పుడు మార్కండేయులు చేతిలో ఉంది. ఆయన కొట్టలేదు. కోడలి వైపు ఒకసారి చూశాడు, భార్య వైపు చూశాడు. కాయను తిరిగి కొడుకు చేతిలో పెట్టాడు.

"వాడే కొట్టొచ్చు రాధమ్మా" అన్నాడు మెల్లగా. "ఇంక టైముంది."

రాధమ్మ నవ్వు అలాగే నిలిచిపోయింది. సుచిత్ర ఆమె చేయి పట్టుకుని చీరల మూటలుండే లోపలి గదిలోకి తీసుకుపోయింది. నాలుగేళ్లుగా పెగలని నోరు అక్కడ పెగిలింది.

"నా కడుపుల ఏం లేదు అత్తమ్మా. పిల్లలు కావాలని గోళీలు వేసుకుంటున్న. పరిగడుపున వేసుకునేసరికి కక్కుడొస్తున్నది."

"పరిగడుపున ఎందుకు వేసుకున్నవ్?"

"నువ్వు జూస్తవని."

రాధమ్మ ఒక మూట మీద కూలబడింది. ఎవరెవరికి తెలుసని అడిగింది. నరేష్‌కు తెలుసని, పైఇంటి ఆంటీయే దవాఖానకు తీసుకుపోయిందని సుచిత్ర చెప్పింది. రాధమ్మకు అక్కడ తగిలింది. పోచంపల్లి దాకా ఫోన్లు చేసి చెప్పుకున్న సిగ్గు ఒక పక్క. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని సామెత చెబుతారే, ఆవిడ పిల్లవాడి పేరు దాకా కూడా వెళ్లిపోయి ఉంది. కానీ ఆ సిగ్గు కంటే ఇది ఎక్కువ నొప్పిపెట్టింది.

"నాకు జెప్పకుంట ఆమెకు జెప్పినవా బిడ్డా?"

"లోకమంత అడిగింది, నువ్వొక్కదానివే అడగలే. అంత మంచిగ జూసుకుంటివి. చెప్పినంక పిల్లలు కాకుంటే నీ మొకం ఎట్ల జూడాలె అని భయమైంది."

రాధమ్మ కొంగు వేళ్లకు చుట్టుకుంది. తర్వాత అంది, "నరేష్ పుట్టకముందు మా అత్త రోజు అడిగేది. నాకు అన్నం వడ్డించుకుంట అడిగేది. ముద్ద దిగకపోయేది. నా కోడల్ని జిందగీల అడగొద్దని గప్పుడే అనుకున్న. నేను అడగకుంటే నీకు సల్లగుంటదనుకున్న."

 లేచి, ముఖం తుడుచుకుని బయటికి పోయి కాయ కొట్టమని కొడుక్కి చెప్పింది. గుమ్మం దగ్గరివాళ్ళకు ప్రసాదం పంచింది. ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట కలపలేదు. సుచిత్రకు ఆ మౌనం భరించరానిదైంది. నాలుగేళ్లలో అత్త తన వంక చూడకుండా తిరగడం ఆనాడే మొదలు. తాను భయపడ్డది జరగనే జరిగిందని, ఈ మనిషి ఇక తనకు దక్కదని అనుకుంది.

సాయంత్రం రాధమ్మ జమ్మి ఆకు చేతిలో పట్టుకుని మెట్లెక్కి పైకి పోయింది. ఏటా పోతుంది. కానీ ఆ రోజు పోయిన తీరు వేరు. నా కోడలి సంగతి నాకు దాచడానికి నువ్వెవరు, మీ ఆంధ్రోళ్ల తెలివి ఇదేనా అని అడిగి వస్తుందని నరేష్ వణికిపోయాడు. కిరాయిఇల్లు వెతుక్కోవాల్సిందే అనుకున్నాడు. పై నుంచి కేకలేమీ వినిపించలేదు. చాలాసేపటికి గానీ ఆమె దిగలేదు.

అక్కడ జరిగింది మర్నాడు కోటేశ్వరమ్మే చెప్పింది. తగాదాకు కొంగు బిగించి సిద్ధంగానే ఉందట ఆవిడ. "మీ అత్తగారు వచ్చి జమ్మాకు చేతిలో పెట్టి, నా కంటే ముందు నువ్వు చూసినవ్ వదినా అని ఏడ్చేసిందమ్మాయ్. నాకూ ఆగలేదు. మళ్లీ కళ్లు తుడుచుకుని, మా పిల్లకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అని ఒకటే ప్రశ్నలు" అంది. అది చెబుతూ కూడా ఆవిడకు ఆగలేదు.

ఆ పొద్దునే రాధమ్మ జొన్నరొట్టె, ఆకుకూర పెట్టి, కోడలు తినేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత మందుల డబ్బా తెచ్చి మామకు ఒకటి, కోడలికి ఒకటి గోళీ ఇచ్చింది. ఇద్దరూ తన కళ్లముందే మింగాలంది. మార్కండేయులు నీళ్లు తాగి అప్పుడు బయటపెట్టాడు, డబ్బాలో అట్టలు పెరుగుతుంటే తనకు మొదట్లోనే అనుమానం వచ్చిందని, మందుల షాపులో అడిగితే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు కూడా ఇస్తారని చెప్పారని. మరి ఇన్ని తిట్లెందుకు పడ్డావని భార్య అడిగితే, అలవాటే కదా అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. సుచిత్ర నవ్వు మధ్యలోనే లేచి, కళ్లు తుడుచుకోవడానికి వంటింట్లోకి పోయింది.

తిన్నాక వేసుకోవడంతో వికారం తగ్గింది. కొద్ది రోజులకు నెల వచ్చింది. ఇతర ఇళ్లలో నిట్టూర్చే సంగతికి ఆ ఇంట్లో అత్తాకోడళ్లు సంతోషపడ్డారు. రెండోనాడు రమ్మని డాక్టరు చెప్పి ఉంది, గుడ్డు ఎదిగే మందు మొదలుపెట్టడానికి. బస్సులు ఇంకా రోడ్డెక్కలేదు. తోడు వస్తానని నరేష్ అన్నాడు, దుకాణం చూసుకోమని తల్లి పంపించేసింది. ఇద్దరాడవాళ్లూ ఎల్బీనగర్ నుంచి కొత్తపేటకు నడిచారు. రాధమ్మకు మోకాళ్ల నొప్పులు. మధ్యలో టెంటు దగ్గర ఒకసారి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ లేచింది.

దవాఖాన హాలు నిండా జనం. బెంచీ మీద పోచంపల్లి పెంటమ్మ కనిపించింది, రాధమ్మకు వరసకు ఆడబిడ్డ, కూతుర్ని చూపించడానికి వచ్చింది. రాధమ్మ ఫోను చేసి శుభవార్త చెప్పినవాళ్లలో ఈమె మొదటిది. సుచిత్ర కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పెంటమ్మ హాలంతా వినబడేలా పలకరించి, ఆమె కడుపు వంక చూసింది.

"ఎన్నో నెల వదినా?"

సుచిత్ర తల వంచుకుంది. అత్త ఏమని కప్పిపుచ్చుతుందో, ఏ అబద్ధం చెబుతుందో వినడానికి సిద్ధపడింది.

"నెల గాదు పెంటమ్మా" అంది రాధమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "తొందరపడి నేనే ఊరంత జెప్పుకున్న. మేం గోళీలు మొదలుపెట్టినం. ఇయ్యాల ఇంకో మందు ఇస్తరంట."

హాలులో నలుగురు తలలు తిప్పి చూశారు. పెంటమ్మ ముఖం ఎలా పెట్టాలో తెలియక, మరి పుడతారంటనా అని గొణిగింది.

"పుడితే ఎత్తుకుంట" అంది రాధమ్మ. కోడలి చేయి తన చేతిలోకి లాక్కుంది. "పుట్టకుంటే గీమె ఉన్నది గద. నాకు ముందుగల్ల వచ్చిన బిడ్డ గీమెనే."

సుచిత్రకు తన కొంగు దొరకలేదు. అత్త కొంగే పట్టుకుని, అంతమంది ఎదుట, సిగ్గులేకుండా ఏడ్చింది. ఇన్నేళ్ల ఏడుపు అది. రాధమ్మ ఆపలేదు, పెంటమ్మను జరగమని చెప్పి కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

కాసేపటికి లోపలి నుంచి నర్సు వచ్చి సుచిత్ర పేరు పిలిచింది. ముందు లేచింది రాధమ్మ.